శాసనమా? స్వీయ బాధ్యతయా?

మద్యపానం వ్యక్తిగత విషయమనీ, అందులో ప్రభుత్వ జోక్యం తగదనీ వాదించేవారున్నారు. ఆ వాదం ఇంటి గడప దాటనంత వరకే నిలుస్తుంది. త్రాగినవాడు బండి ఎక్కి రోడ్డు మీదికి వచ్చిన క్షణం నుండి, ఎదుట వచ్చే బాటసారి ప్రాణం కూడా అతని చేతిలో ఉంటుంది.

1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షను ప్రకారం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాలు ఉన్నవాడు వాహనం నడిపితే, ప్రమాదం జరుగకపోయినా అది నేరమే. 2019లో పార్లమెంటు చేసిన సవరణ మొదటి నేరానికి జరిమానాను 2,000 నుండి 10,000 రూపాయలకు పెంచింది. ఆరు మాసాల వరకు జైలు శిక్షకూ అవకాశమున్నది.

ఎవరికీ హాని చేయనివానిని శిక్షించడం ఏమి న్యాయమని కొందరి ప్రశ్న. మద్యం మొదట మందగింపజేసేది వివేకాన్నే. కనుక "నేను బాగానే ఉన్నాను" అనే త్రాగినవాని మాట సాక్ష్యంగా చెల్లదు. బాధ్యత మొదటి గుక్కకు ముందే మేల్కొనాలి. బండి ఇంటివద్దనే ఉండాలి.

అయితే జరిమానా ఎంత పెంచినా, పోలీసులు లేని వీధిలో చట్టం అక్కరకు రాదు. అక్కడ ఆపగలవాడు స్నేహితుడొక్కడే. విద్యార్థులారా! త్రాగిన మిత్రుని చేతిలోని తాళంచెవి తీసుకొనడానికి మొగమాటపడకండి. ఆ రాత్రి అతనికి కోపం రావచ్చును. మరునాడు కోపగించుకొనడానికైనా అతడుండాలి కదా!