వెలుగని పెట్టెకు పూజ లేల?

మన తెలుగు కుటుంబములలో ఇటీవల నొక కొత్త వేడుక బయలుదేరినది. పాత రంగుల టెలివిజను పెట్టెలను వెదకి తెచ్చి ముందుగదిలో నుంచుకొనుచున్నారు. తేవలసినదే, నేనును మెచ్చుకొందును. కాని తెచ్చిన పిమ్మట వారు చేయు పని చూచినచో కడుపు తరుగుకొని పోవును. వెనుక మూత విప్పి, గాజునాళమును తీగెలను చెత్తలో వేసి, ఆ ఖాళీ గూటిలో పలుచని కొత్త తెర నొకటి బిగింతురు. కొందరు చేపల తొట్టిని పెట్టుదురు. దీనికి పునరుద్ధరణ మని పేరు! శవమునకు పట్టుపంచె కట్టి పెండ్లిపీటలపై కూర్చుండబెట్టినట్లున్నది.

నేను విద్వాంసుడను కాను. ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసై, గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే విశ్రాంతి పొందిన చింతాద్రిపేట వాడను. అయినను ఈ విషయమున మాటాడుటకు నాకు కొంత హక్కు కలదు. మేము 1986లో వాయిదాలమీద కొన్న ఇరువది అంగుళముల పెట్టె మా యింట నేటికిని వెలుగుచున్నది.

మదరాసు దూరదర్శన్ కేంద్రము 1975 ఆగస్టు 15వ తేదీన ఆరంభమైనది. అప్పుడంతయు నలుపు తెలుపే. ఢిల్లీలో ఏషియను క్రీడలు జరిగిన 1982వ సంవత్సరమున రంగు వచ్చినది. డయనోరా, సాలిడేర్ అను పెట్టెలు మన నగరపువే యని నేటి పిల్లలకు తెలియదు. తెలిసిన పెద్దలును చెప్పరు. ఆ పెట్టె మన యిండ్లలో చాలకాలము ఎక్కువగా తమిళమును, హిందీని మాటాడినది. 1995లో జెమిని, ఈటీవీ ఆరంభమైన పిమ్మట కేబులు తీగె వెంట తెలుగు మా ముందుగదిలోనికి నడచి వచ్చినది. బడిలో తెలుగు ఎరుగని మా పిల్లలు 'మంత్రివర్గము', 'అల్పపీడనము' వంటి మాటలను ఆ పెట్టె యెదుట నేలమీద కూర్చుండియే నేర్చిరి. మా యింట రెండవ బడి యదియే. మన సంఘములు భాషాభిమానమును గూర్చి వేదిక లెక్కి పలుకునప్పుడు ఈ ముక్క యెవ్వరికిని తోచదు.

ఆ పెట్టె ప్రాణ మెక్కడ నున్నది? గాజునాళములో. ఎఱుపు, ఆకుపచ్చ, నీలములకు మూడు ఎలక్ట్రానుల ధారలు నాళపు మెడనుండి బయలుదేరి, సన్నని రంధ్రముల రేకును దాటి, తెర లోపలి పూతను తాకి వెలిగించును. 625 గీతల లెక్కన సెకనుకు ఇరువది యైదు చిత్రములు గీయబడును. ఆ ధారలను ముందునకు లాగుటకు సుమారు ఇరువది యైదు వేల వోల్టులు కావలయును. ఇంత పని చేయు నాళమును తీసివేసినచో మిగులునది వడ్రంగి పని మాత్రమే. దానిని టెలివిజను అనుట యేల?

మూడేండ్ల క్రిందట మా పెట్టె చీకటి పడినది. మాకు అలవాటైన మెకానిక్కుగారు జబ్బుపడి యుండిరి గనుక మరియొక దుకాణమునకు తీసికొని పోతిని. వారు మూతయైన విప్పక, "నాళము పోయినది సార్, కొత్త తెర వేసి యిచ్చెదము" అనిరి. నేను మారుమాటాడక ఆటోలో పెట్టుకొని యింటికి తెచ్చితిని. రెండు నెలల పిమ్మట పెద్దాయన కోలుకొని వచ్చి, ఎండిపోయిన కెపాసిటర్లు రెండు మార్చి, టంకము విడిచిన యొక కాలిని భూతద్దముతో పట్టి అతికినారు. నాళమునకు ఏమియు కాలేదు! మీట వేయగనే వచ్చు టిక్కుటిక్కు మను సద్దును విని, లైను ట్రాన్సిస్టరు పోయినదో లేదో చెప్పగల మనిషి ఆయన. డెబ్బది దాటినవి. మా పేటకు కూతవేటు దూరముననున్న రిచ్చీ వీథిలో జీవితమంతయు గడపినారు. ఆయన వద్ద ఈ పని నేర్చుకొనువాడు ఒక్కడును లేడు.

మా పేట 1734లో మగ్గములవారి కొరకు వెలసినది. 'చిన్న తరి పేట' యని అరవమున దాని పేరు చెప్పుదురు. తరి యనగా మగ్గము. పేరు నిలిచినది, నేత నిలువలేదు.

కొందరు పెద్దమనుష్యులు గాజులో సీసమున్నది, విషము, పారవేయుటయే మేలందురు. సీసమున్న మాట నిజమే. కాని గాజులో కలిసియున్న సీసము ముందుగదిలో నున్నంతకాలము ఎవ్వరిని ఏమి చేయును? పాతసామానుల వాడు మెడమీది రాగిచుట్టకొరకు నాళమును పగులగొట్టినప్పుడే కీడు. కావున పనికిరాని పెట్టెలను అనుమతిగల సంస్థలకే యీయవలయును, పనికివచ్చువానిని వెలిగించుకొనవలయును. ఒక హెచ్చరిక: మీట ఆర్పిన పిమ్మటను నాళములో విద్యుత్తు నిలిచియుండును. తెలియనివారు మూత విప్పరాదు.

ఇక నందులో చూచుట కేమున్నది యందురు. దూరదర్శన్ వారి పాత పద్ధతి ప్రసారములు దాదాపు నిలిచిపోయిన మాట వాస్తవమే. అయినను సెట్ టాప్ పెట్టెను పాత వి.సి.ఆర్.కు కలిపి, దానినుండి ఏంటెనా తీగెను టెలివిజనుకు ఇచ్చినచో బొమ్మ వచ్చును. మేము అట్లే చూచుచున్నాము. మా చెల్లెలి పెండ్లి కాసెట్టును కూడ అందులోనే వేసికొందుము. కొత్త వెడల్పు తెరపై దానిని వేసినప్పుడు, ఎవరో బొమ్మను సాగదీసిరి కాబోలు, మా నాయనమ్మ ముఖము గుమ్మడికాయవలె కనబడినది. పాత పెట్టెలో నాయనమ్మ నాయనమ్మగానే యున్నది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రపు హిలియార్డు పట్టణమున పాత టెలివిజనులకే యొక మ్యూజియము కలదు. 1954 నాటి ఆర్.సి.ఏ. వారి సి.టి.100 అను రంగుల పెట్టెను అచ్చటి అభిమానులు పాత నాళముతోనే వెలిగించుటకు సంవత్సరముల తరబడి శ్రమింతురు. ధనవంతులగు మనవారు అట్టిదానిని ఓడ మీద తెప్పించి ప్రయోజనము లేదు. వారి పద్ధతి 525 గీతలది, మనది వేరు. తెప్పించుకొనవలసినది వారి పట్టుదలను.

మన సంఘము ఏటేట ఎన్ని శాలువలు కప్పుచున్నదో లెక్క వ్రాసిన గుమాస్తాను నేనే. ఈ యేడు పది శాలువలు తగ్గించి, ఆ సొమ్ముతో ఆ మెకానిక్కుగారిని ఆదివారములు సంఘభవనమునకు రప్పించి, ఇద్దరు మన కుర్రవాండ్రకు పని నేర్పింపుడు. ఉచితముగా కాదు, తగిన జీతమిచ్చి. నేర్చుటకు మా పెట్టెను నేను ఇచ్చెదను. మోయుటకు మాత్రము ఇద్దరిని పంపవలయును. ఇరువది కిలోలకు తక్కువ లేదు, మా యిల్లు రెండవ అంతస్తున నున్నది.