ఆపరేషన్ తర్వాత ఎవరు?

మూడేళ్ళ కిందట నేను బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. ఈ సంగతి రాయడానికి ఇంతకాలం పట్టింది. స్త్రీ శరీరాన్ని అందాల మార్కెట్టు ఎట్లా కొలుస్తుందో, ఎట్లా అమ్ముకుంటుందో ఇరవై ఏళ్ళుగా సభల్లో మాట్లాడుతున్నదాన్ని నేను. "నువ్వు కూడానా?" అని మనవాళ్ళే అడుగుతారని జంకాను. అడిగారు కూడా. ఒక సమావేశంలో, టీ విరామంలో, ఏళ్ళ తరబడి కలిసి పనిచేసిన మిత్రురాలు నన్ను ఎగాదిగా చూసి "మొత్తానికి నువ్వూ లొంగిపోయావన్నమాట" అంది.

ఆ పూట ఆమెకు జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను.

నాకు చక్కెర వ్యాధి. మా అమ్మకూ ఉండేది. ఆమె కాలి వేళ్ళు తీసేసిన రోజు ఆస్పత్రి వరండాలో కూర్చున్నది నేనే. నలభై దాటేసరికి నా ఇన్సులిన్ మోతాదు పెరుగుతూ పోయింది. మోకాళ్ళు మెట్లెక్కనివ్వలేదు. జీర్ణాశయంలో మూడొంతులకు పైగా కోసేసి, మిగిలినదాన్ని సన్నటి గొట్టంలా కుట్టే ఆపరేషన్ చేయించుకున్నాను. 'స్లీవ్' అంటారు దాన్ని. ఆ నిర్ణయం నాది. అందం కోసం చేయించుకున్న స్త్రీ అయినా సరే, ఆమెను బోనులో నిలబెట్టే అధికారం మనకెవరిచ్చారు? 2015 జూన్ 6న నటి ఆర్తీ అగర్వాల్ 31 ఏళ్ళకే న్యూజెర్సీలో చనిపోయింది. కొద్ది వారాల ముందు ఆమె కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని పత్రికలు రాశాయి. అది వేరే ఆపరేషన్, చర్మం కింద కొవ్వును లాగేసేది. కానీ అప్పుడు నేను విన్న మాటలన్నీ ఆమె మోజు గురించే. సన్నగా ఉంటేనే వేషమిచ్చే పరిశ్రమ గురించి మాట్లాడినవాళ్ళు నాకు అరుదుగా కనపడ్డారు.

కాబట్టి చేయించుకోవచ్చా, కూడదా అన్న చర్చను కాసేపు పక్కన పెడదాం. నా ప్రశ్న వేరు. చేయించుకున్న మర్నాటి నుంచి ఆ స్త్రీని ఎవరు చూడాలి?

ఆపరేషన్‌కి ముందు ఆ ప్రైవేటు ఆస్పత్రి నుంచి రోజుకి రెండుసార్లు ఫోను వచ్చేది. బీమా కాగితాలు కూడా వాళ్ళే నింపారు. డబ్బు ముట్టింది, నాలుగో రోజు ఇంటికి పంపారు. చేతిలో ఒక ఇంగ్లీషు కాగితం పెట్టారు. ఓట్సు, బ్రకోలీ, అవకాడో. మంగళగిరిలో మా వీధికి వచ్చే కూరగాయల బండిమీద దొరికేది ఒక్కటీ అందులో లేదు. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్ళతో ఊడుతుంటే ఫోన్ చేశాను. "డాక్టరు గారు థియేటర్లో ఉన్నారు" అన్నారు. మళ్ళీ చేశాను. మళ్ళీ అదే మాట.

నన్ను కాపాడింది పక్క వీధి పంతులమ్మ. ఆమెకు బైపాస్ అయింది, అంటే జీర్ణాశయాన్ని చిన్న సంచి చేసి పేగును దానికి మళ్ళించే ఆపరేషన్. ఆమె ద్వారా ఇంకో నలుగురు పరిచయమయ్యారు. మాస్టర్ వీవర్ ఇంటి కోడలు ఒకామె, గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడిపే కుటుంబం నుంచి ఒకామె. ఆదివారం సాయంత్రాలు పంతులమ్మ ఇంటి అరుగు మీద చేరేవాళ్ళం. డాక్టర్ కాగితంలో లేని చదువు నాకు అక్కడ దొరికింది.

"నీళ్ళు గ్లాసుతో తాగబాకక్కా, ఉగ్గుగిన్నెతో తాగు" అంది కోడలు పిల్ల. పసిబిడ్డకు పాలు పట్టే కొలత అది. మొదటి వారాల్లో పప్పుకట్టు, మజ్జిగ తేట. తర్వాత మెత్తగా చేసినవి. కంచంలో ముందు గుడ్డో, పప్పో, చేపో తినాలి, అన్నం ఆఖర్న. అన్నం మధ్యలో నీళ్ళు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. కొత్తావకాయ జాడీ వైపు కొన్నాళ్ళు చూడనే కూడదు. ఊడిన జుట్టు చాలామందికి కొన్ని నెలల్లో మళ్ళీ వస్తుంది, మాంసకృత్తులు, ఇనుము తగ్గకుండా చూసుకోవాలి. పంతులమ్మ ఒకసారి కొండమీద పానకాలస్వామి ప్రసాదం గబగబా తాగింది. పావుగంటలో ఒళ్ళంతా చెమట, గుండె దడ, మెట్ల మీద కూలబడింది. బైపాస్ అయినవాళ్ళకు తీపి ఒక్కసారిగా పేగులోకి జారితే అట్లా అవుతుందని ఆమెకు ముందు ఎవరూ చెప్పలేదు. "స్వామి సగం తాగి సగం వదిలేస్తాడు. మనకి ఆ సగం కూడా ఎక్కువే" అని ఇప్పుడు నవ్వుతూ చెబుతుంది.

దీన్ని ఆడవాళ్ళ కబుర్లని తీసిపారేసేవాళ్ళకు గుర్తుచేయాలి. బోస్టన్ స్త్రీలు 1970ల్లో తమ శరీరాల గురించి తామే పుస్తకం రాసుకున్నారు. తెలుగులో 'సవాలక్ష సందేహాలు' వచ్చింది. ఆ పుస్తకాల వెనుక ఉన్నది ఇట్లాంటి అరుగులే.

అయితే ఆ అరుగు మీదే ఇంకోటి కూడా నేర్చుకున్నాను. 'అలవాట్లు మార్చుకోండి' అని డాక్టర్లు అంటారే, ఆ అలవాట్లు ఎవరివి? రోజుకి కనీసం 60 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. ఇంట్లో రెండు గుడ్లుంటే అవి ఎవరి కంచంలోకి వెళ్తాయో మీకు తెలుసు, నాకూ తెలుసు. నిదానంగా, బాగా నమిలి, అరగంట కూర్చుని తినాలంటారు. కోడలు పిల్ల ఇంట్లో పొద్దున్నే నూలు పని మొదలవుతుంది. కండెలు చుడుతూ మధ్యలో లేచి వంటింట్లో నిలబడే తింటుంది. ఆమె అరగంట కూర్చుని తింటే అత్తగారు "మహారాణీ భోజనం అయిందా" అంటుంది. ఇక మిగిలిన అన్నం సంగతి. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది పారేయలేక తినే మనిషి ఎవరు? ఆ పొట్టని కత్తితో చిన్నది చేశారు గానీ, ఆ ఇంటి పద్ధతి మీద ఎవరూ కత్తి పెట్టలేదు. బరువు మళ్ళీ పెరిగితే 'క్రమశిక్షణ లేదు' అని నింద మాత్రం ఆమెకే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 36 మంది అధిక బరువుతో ఉన్నారు. అదే సర్వేలో నూటికి 59 మంది రక్తహీనులు. తిండి ఎక్కువై ఒళ్ళొచ్చిందని తేలిగ్గా అనేవాళ్ళు ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. మన ఆడవాళ్ళకు దక్కేది అన్నం, దక్కనిది పోషణ. ఆ రక్తహీనతతోనే ఆపరేషన్ బల్ల ఎక్కితే ఇనుము, బి12, కాల్షియం, విటమిన్ డి జీవితాంతం చూసుకోవలసిన అప్పు అవుతుంది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇది చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

పర్చూరు వైపు నుంచి ఒక అమ్మాయి మా గుంపు గురించి విని నాకు ఫోన్ చేసేది. 'లావుగా ఉంది' అని రెండు సంబంధాలు తప్పిపోతే, తల్లిదండ్రులు మిర్చి పండే పొలంలో అరెకరం అమ్మి ఆమెకు ఆపరేషన్ చేయించారు. సన్నబడింది, పెళ్ళయింది. అత్తవారికి ఆపరేషన్ సంగతి చెప్పలేదు. విటమిన్ మాత్రలు చీరల మధ్య దాచుకుని మింగేది, కొన్నాళ్ళకు అదీ మానేసింది. ఆపరేషన్ తర్వాత ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం వద్దని వైద్యులు చెబుతారు. బరువు తగ్గితే గర్భం తొందరగా వచ్చే అవకాశం పెరుగుతుందని, బైపాస్ అయినవాళ్ళు గర్భనిరోధక మాత్రలను నమ్ముకోకూడదని కూడా చెప్పాలి. ఆమెకు చెప్పారో లేదో తెలియదు. చెప్పినా, పెళ్ళైన ఆరు నెలలకే 'ఏమైనా విశేషమా' అని అడిగే ఇంట్లో ఆ మాట పైకి అనగలిగేదా?

గర్భం వచ్చింది. వాంతులు మొదలయ్యాయి. అత్తగారు వేవిళ్ళు అంది. ఊళ్ళో డాక్టరుకు ఆపరేషన్ సంగతి తెలియదు కాబట్టి ఆమె కూడా వేవిళ్ళే అంది. నాకు మాత్రం అన్నీ తెలుసు. "ఏం కాదమ్మా, నాక్కూడా వాంతులయ్యాయి, తగ్గిపోతాయి" అన్నాను ఫోన్లో. మూడు వారాలయ్యాక ఆమెకు ఒకటి రెండుగా కనపడటం, నడిస్తే తూలడం మొదలైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే థయమిన్, అంటే బి1 విటమిన్, పూర్తిగా అడుగంటిందని చెప్పి సూదులు వేశారు. ప్రాణం దక్కింది. గర్భం నిలవలేదు. పాదాల తిమ్మిరి ఇప్పటికీ పోలేదు.

ఈ జబ్బుకు మన నేలమీద పాత చరిత్ర ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి గురించి మద్రాసు ప్రభుత్వ వైద్యుడు మాల్కమ్సన్ 1835లోనే పుస్తకం రాశాడు. మరపట్టిన తెల్లటి బియ్యం మీదే బతికేవాళ్ళకు ఆ థయమినే అందక వచ్చిన జబ్బు అది. దాన్ని పరిశోధించడానికి 1918లో కూనూరులో పెట్టిన చిన్న విభాగమే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదు చేరి, ఇవాళ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అయింది. నూరేళ్ళ కిందటే మనకు తెలిసిన లోపం ఒక చదువుకున్న పిల్ల కాళ్ళలో మళ్ళీ కనపడిందంటే, అందులో నా అజ్ఞానం పాలు ఉంది, ఒప్పుకుంటాను. కానీ లక్షలు తీసుకున్న ఆస్పత్రి చూడాల్సిన వాంతుల్ని ఫోన్లో నేనెందుకు చూడాల్సి వచ్చింది?

తోటి స్త్రీల సలహా గొప్పది. దానికి హద్దూ ఉంది. ఆ సలహా ఉంది కదా అని ఆస్పత్రులు చేతులు దులుపుకుంటే, మన స్నేహం వాళ్ళకు జీతంలేని ఉద్యోగం అవుతుంది. ఎంత చేసినా లెక్కకు రాని ఇంటిచాకిరీ లాంటిదే ఇదీ.

కోసి పంపేయడం మనకు కొత్తా? 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ సూదిమందు ప్రయోగాన్ని, అది ప్రయోగమని చెప్పకుండానే పేద స్త్రీల మీద చేయబోయారు. స్త్రీశక్తి సంఘటన, మరికొందరు 1986లో సుప్రీంకోర్టుకు వెళ్ళారు. కు.ని. ఆపరేషన్ల సంగతి మనందరికీ తెలుసు. 2019–21 సర్వే నాటికి రాష్ట్రంలో పెళ్ళైన స్త్రీలలో నూటికి దాదాపు 70 మంది అది చేయించుకున్నవాళ్ళే. గర్భసంచి తీయించుకున్నవాళ్ళు నూటికి సుమారు 9 మంది, దేశ సగటు 3 మాత్రమే. నడుము నొప్పి, ఎముకల అరుగుదలతో మిగిలిన ఆ స్త్రీలను తర్వాత ఎవరు చూశారు? ఆపరేషన్లకు లెక్క ఉంటుంది, టార్గెట్టు ఉంటుంది, ప్యాకేజీ ఉంటుంది. తర్వాతి రోజులకు లెక్క ఉండదు.

బీమా కూడా ఇదే దారి. 2019లో బీమా నియంత్రణ సంస్థ బరువు తగ్గించే ఆపరేషన్‌కు షరతులు రాసింది. శరీర ద్రవ్యరాశి సూచిక కనీసం 40 ఉండాలి, లేదా కనీసం 35 ఉండి తీవ్రమైన అనుబంధ జబ్బులుండాలి. ఆస్పత్రి బిల్లుకు దారి ఉంది. పదేళ్ళ తర్వాతి బి12 సూదికి, రక్త పరీక్షకు సాధారణంగా మన కొంగుముడే దారి. 2022లో అంతర్జాతీయ శస్త్రవైద్య సంఘాలు ఆసియావాసులకు ఈ హద్దును 27.5కి దించాలన్నాయి. అంటే రేపు ఇంకెందరో ఈ బల్ల ఎక్కుతారు. 2025లో మౌంజారో, వెగోవీ సూదిమందులు కూడా మన మార్కెట్లోకి వచ్చాయి. మందు మారవచ్చు. తర్వాత ఎవరన్న ప్రశ్న మారదు.

సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008లో చెప్పింది: చికిత్స స్వభావం, ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు రోగికి తెలియాలి, అప్పుడే అది సమ్మతి. తనకు అర్థంకాని భాషలో ఉన్న కాగితం మీద పెట్టిన సంతకాన్ని సమ్మతి అనవచ్చా? అందుకని మనం అడగవలసినవి ఇవి.

ఒకటి. ఆపరేషన్‌కు ముందే తెలుగులో, మన వంటింటి తిండి పేర్లతో, జీవితాంతం చేయవలసినవన్నీ రాసి ఇవ్వాలి. పెళ్ళికాని అమ్మాయితో తల్లిదండ్రులు లేనప్పుడు ఒంటరిగా మాట్లాడాలి.

రెండు. కనీసం ఐదేళ్ళ రక్త పరీక్షలు, విటమిన్లు, ఫోన్ ఎత్తే మనిషి ఆపరేషన్ ధరలోనే భాగం కావాలి.

మూడు. ఆపరేషన్ ఎక్కడ చేయించుకున్నా, గుంటూరు పెద్దాసుపత్రి, 2019 నుంచి ఓపీ నడుస్తున్న మంగళగిరి ఎయిమ్స్ వంటి ప్రభుత్వ సంస్థల్లో మందలింపు లేకుండా చూడాలి. గర్భిణిని నమోదు చేసేటప్పుడు ఏఎన్ఎం అడిగే ప్రశ్నల్లో 'పొట్ట ఆపరేషన్ అయిందా' అన్నది చేరాలి. ఆ జవాబు అత్తగారి చెవిన పడకూడదు.

నాలుగు. మన గుంపులకు ఒకే నియమం. వాంతులు ఆగకపోయినా, చూపు మసకబారినా, నడక తూలినా సలహా చెప్పకూడదు. వెంటబెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. "ఆపరేషన్ అయింది, బి1 చూడండి" అని డాక్టరుతో అనాలి.

అయిదోది మనకే. మన సంఘాల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు, నోరు విప్పరు. మనం వెక్కిరిస్తామని. పర్చూరు పిల్ల అత్తవారికి భయపడి దాచింది. నేను మీకు భయపడి దాచాను. ఆ పిల్ల ఫోన్ చేసిన రోజుల్లో నేను ఈ సంగతి ఇట్లా బాహాటంగా రాసి ఉంటే, మీలో ఏ డాక్టరమ్మో, ఏ నర్సో నా తప్పు దిద్ది ఉండేవాళ్ళేమో.

ఆ పిల్ల ఇప్పుడు పుట్టింట్లో ఉంది. మొన్న ఫోన్ చేసి, "అక్కా, మీ అరుగు మీదికి నేనూ రావచ్చా" అని అడిగింది. రమ్మన్నాను.