బొక్కసం తాళం ఎవరి చేతిలో?

ఆర్థిక కుంభకోణం ఏది బయటపడినా రాజధానిలో చర్చ ఒకే బాటన సాగుతుంది. నిందితునికి అండగా నిలిచినదెవరు, దేశం దాటించినదెవరు అన్న ప్రశ్నలపై నాయకులు గొంతు చించుకుంటారు. బొక్కసం తాళం అతనికి ఎలా అందిందన్న ప్రశ్న మాత్రం అనాథగా మిగిలిపోతుంది.

2018 ఫిబ్రవరిలో పంజాబ్ నేషనల్ బ్యాంకు తన ముంబయి శాఖలో సుమారు 11,400 కోట్ల రూపాయల మోసం జరిగిందని ప్రకటించింది. తరువాత ఆ లెక్క 13,000 కోట్లు దాటింది. వజ్రాల వ్యాపారుల పక్షాన హామీపత్రాలు 'స్విఫ్ట్' సందేశ వ్యవస్థ ద్వారా ఇతర బ్యాంకుల విదేశీ శాఖలకు వెళ్లాయి. బ్యాంకు ప్రధాన లెక్కలుండే కంప్యూటరు వ్యవస్థలో వాటి జాడ లేదు. రెండింటికీ లంకె లేదు. సందేశాన్ని సిద్ధపరచేవారొకరు, సరిచూచేవారు మరొకరు కావలెనన్నది నియమం. ఆ పాస్‌వర్డులే చేతులు మారాయన్నది దర్యాప్తు సంస్థల అభియోగం.

ఇది ఊహకందని ముప్పు కాదు. 2016 ఫిబ్రవరిలో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు కంప్యూటర్లలో చొరబడిన దొంగలు, ఆ బ్యాంకు పేరుతోనే న్యూయార్కు ఫెడరల్ రిజర్వు బ్యాంకుకు 35 ఆదేశాలు పంపారు. 8 కోట్ల 10 లక్షల డాలర్లు ఫిలిప్పీన్సుకు తరలిపోయాయి. శ్రీలంకకు పోయిన 2 కోట్ల డాలర్లు ఒక అక్షరదోషం పుణ్యమా అని దక్కాయి. ఢాకాలో గవర్నరు రాజీనామా చేశారు. 2016 ఆగస్టు నుంచి కనీసం మూడుసార్లు బ్యాంకులను హెచ్చరించామని మన రిజర్వు బ్యాంకు 2018లో వెల్లడించింది. అయినా స్విఫ్ట్ నిబంధనలు పాటించని 36 బ్యాంకులకు 2019 మార్చిలో 71 కోట్ల జరిమానా విధించవలసి వచ్చింది!

పార్లమెంటు ఏమి చేసింది? 2018 బడ్జెటు మలివిడత సమావేశాలు గందరగోళంలో కొట్టుకుపోయాయి. బ్యాంకు మోసంపై ప్రతిపక్షాలు, ప్రత్యేక హోదాకై మన తెలుగు సభ్యులు, కావేరీ జలాలకై తమిళ సభ్యులు పట్టుబట్టారు. సాక్షాత్తు ఆర్థిక బిల్లే లోక్‌సభలో చర్చ లేకుండా గట్టెక్కింది.

సిబ్బంది చాలని శాఖలో ఒకరి పాస్‌వర్డు మరొకరు వాడక తప్పదని కొందరు వాదిస్తారు. నేను ఈ వాదనను అంగీకరించను. పై అధికారి అడిగితే గుమాస్తా కాదనలేడు. రేపు మోసం బయటపడితే కంప్యూటరులో కనిపించేది ఆ గుమాస్తా పేరే. అడిగినవాడు తప్పించుకుంటాడు, ఇచ్చినవాడు బోనెక్కుతాడు. కనుక పాస్‌వర్డు ఇవ్వనన్న ఉద్యోగికి రక్షణ, అడిగిన అధికారికి శిక్ష ఉండాలి. ఎవరి పనికి ఎంత అవసరమో అంతే ప్రవేశాధికారమివ్వాలి. బదిలీ అయిన నాడే దానిని రద్దు చేయాలి. ఎవరెవరికి ఏ అధికారమున్నదో ఆ శాఖకు సంబంధం లేనివారు మూడు నెలలకొకసారి తనిఖీ చేయాలి.

పూర్వం ఖజానా పెట్టెకు రెండు తాళాలు వేసి, ఇద్దరి చేతికిచ్చేవారు. కంప్యూటరు వచ్చినంత మాత్రాన ఆ జాగ్రత్త పాతబడలేదు. పోయేది ప్రజల సొమ్ము అయినప్పుడు, తాళాల లెక్క అడిగే హక్కు కూడా ప్రజలదే.