ఒక్క జీతానికి రెండు కొలువులు

ఇళ్లలో పనిచేసేవారి హక్కుల పరిరక్షణకు ప్రత్యేక చట్టం తీసుకురావడం వాంఛనీయమా అన్న విషయాన్ని పరిశీలించేందుకు విషయ నిపుణులతో ఒక సంఘాన్ని నియమించవలసిందిగా సుప్రీం కోర్టు 2025 జనవరి 29న కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. చట్టం సంగతి అటుంచితే, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే నగర కుటుంబాలలో ఒక ప్రశ్న ప్రతి నెలా ఒకటో తేదీన తలెత్తుతూనే ఉంది. పసిబిడ్డ ఆలనాపాలనా చూస్తూ, ఇంటి అజమాయిషీ కూడా నెత్తిన వేసుకున్న మనిషికి ఎంత జీతం ఇవ్వడం న్యాయం?

ఈ రెండో బాధ్యత సాధారణంగా చెప్పి అప్పగించేది కాదు. హైదరాబాద్ మాదాపూర్‌లోనైనా, బెంగుళూరు వైట్‌ఫీల్డ్‌లోనైనా, ఢిల్లీ శివార్లలోని గుర్‌గావ్‌లోనైనా ఆయా ఆయాగానే చేరుతుంది. బిడ్డ నిద్రపోయినప్పుడు ఖాళీయే కదా అని ముందు బట్టలు మడతపెట్టమంటారు. తరువాత వంటమనిషి వచ్చేసరికి కూరలు తరిగి ఉంచమంటారు. ఆ పైన గ్యాసు బండ తీసుకోవడం, ఇస్త్రీ బట్టల లెక్క చూడడం, కిరాణా సరుకులు నిండుకోకముందే చెప్పడం, అంట్లు తోమే మనిషి రాకపోతే మరొకరిని వెతకడం వంటివన్నీ ఒక్కొక్కటే ఆమె మీదికి వచ్చి చేరతాయి. ఏడాది తిరిగేసరికి ఇంటి తాళంచెవులు ఆమె చేతిలో ఉంటాయి. జీతం మాత్రం ఆయా జీతంగానే మిగిలిపోతుంది. మహా అయితే పండుగకు ఒక చీర అదనం.

జీతం నిర్ణయించడానికి ఎక్కువమంది గృహస్థులు అనుసరించే పద్ధతి ఒకటే. పక్క ఫ్లాటులో ఎంత ఇస్తున్నారో విచారించి, అంతే ఇవ్వడం. పక్క ఫ్లాటువారు ఆ పైఫ్లాటును చూసి నిర్ణయించి ఉంటారు. ఈ గొలుసులో పని ఎంత, గంటలు ఎన్ని, బాధ్యత ఏపాటిది అన్న విచారణ ఎక్కడా ఉండదు. రేటు పెంచి చెడగొట్టవద్దని అపార్ట్‌మెంటులో ఇతరులు మందలించడమూ కద్దు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి తన జీతం విషయంలో ఇలాంటి కట్టడిని ఒక్క రోజైనా సహిస్తాడా అన్నది వేరే సంగతి.

ఇంటిపనికి, పిల్లల పెంపకానికి వెల కట్టడం అసాధ్యమన్న వాదన వినిపిస్తూ ఉంటుంది. అయితే న్యాయస్థానాలు ఆ పనిని చాలా కాలంగా చేస్తూనే ఉన్నాయి. 1989లో జంషెడ్‌పూర్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల కుటుంబాలకు పరిహారం లెక్కించేటప్పుడు, వారి సేవల విలువ నెలకు 3,000 రూపాయలని సుప్రీం కోర్టు 2001లో అంచనా వేసింది. గృహిణులను భిక్షకులు, ఖైదీల సరసన ‘పని చేయనివారి’ జాబితాలో చేర్చిన జనాభా లెక్కల తీరును 2010లో మరొక తీర్పు తప్పుపట్టింది. 2021 జనవరిలో జస్టిస్ ఎన్.వి. రమణ తన ప్రత్యేక అభిప్రాయంలో 2019 నాటి సమయ వినియోగ సర్వేను ప్రస్తావించారు. ఆ సర్వే ప్రకారం మహిళలు జీతం లేని ఇంటిపనులకు రోజుకు సగటున 299 నిమిషాలు, కుటుంబ సభ్యుల సంరక్షణకు 134 నిమిషాలు వెచ్చిస్తున్నారు. పురుషుల విషయంలో ఈ లెక్క 97, 76 నిమిషాలు. అంటే ఇల్లాలు మరణిస్తే ఆమె పనికి విలువ ఉంటుంది. అదే పనిని బతికున్న మరొక స్త్రీ చేస్తే మాత్రం లెక్క తేలదంటారు!

నిజానికి లెక్క అంత కష్టమైనదేమీ కాదు. ముందు గంటలు రాసుకోవాలి. ఉదాహరణకు రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజుల పనికి 15,000 రూపాయలు కుదిరాయనుకుందాం. మొత్తం 208 గంటలు కాబట్టి గంటకు దాదాపు 72 రూపాయలు పడుతుంది. అదే మనిషి ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు ఉంటే అదనపు గంటలు నెలకు 104 అవుతాయి. అదనపు పనికి రెట్టింపు రేటు ఇవ్వాలన్నది మన కార్మిక చట్టాలు గుర్తించిన సూత్రం. దాని ప్రకారం ఆ 104 గంటలకు మరో 15,000 రూపాయలు, వెరసి 30,000 చెల్లించాలి. ఆదివారాలు కూడా పిలిస్తే అది వేరే లెక్క. ఇంతవరకు కేవలం ఆయా పని గురించే. సరుకులు, బిల్లులు, మిగతా పనివారి మీద అజమాయిషీ కోసం విడిగా ఒక మనిషిని పెట్టుకుంటే ఎంత అవుతుందో చూసుకుని, అందులో న్యాయమైన భాగాన్ని దీనికి కలపాలి. రెండు పనులూ ఒకే గంటలో జరుగుతున్నాయి కాబట్టి రెండు పూర్తి జీతాలు ఇవ్వనవసరం లేదనడం సబబే. కానీ ఏమీ ఇవ్వనవసరం లేదనడానికి అది ఆధారం కాదు.

ఇంట్లోనే ఉండి, తింటోంది కదా అన్నది మరొక వాదన. 2019 వేతనాల స్మృతి వస్తురూపంలో ఇచ్చేదానిలో మొత్తం వేతనంలో 15 శాతం మించని విలువనే వేతనంగా లెక్కిస్తుంది. పైగా రాత్రి రెండు గంటలకు బిడ్డ ఏడిస్తే లేచేది ఆమే కాబట్టి, ఆ వసతి ఎవరి సౌకర్యం కోసమో వివరించనక్కరలేదు.

ఈ స్మృతి 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. అయినా ఇళ్లలో పనిచేసేవారి పరిస్థితి స్పష్టపడలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి ‘పరిశ్రమ’ నిర్వచనం నుంచి గృహసేవను మినహాయించింది. ఇంటి పనివారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో ఆమోదించిన 189వ ఒడంబడికకు భారత్ అనుకూలంగా ఓటు వేసింది గానీ, దానిని ధ్రువీకరించలేదు. కనీస వేతనం కన్నా తక్కువకు చేయించుకునే పని రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీయేనని ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీం కోర్టు 1982లోనే స్పష్టం చేసింది. ఆ మాట ఇళ్ల గడపల దగ్గరే ఆగిపోయింది.

గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్లే స్త్రీల విషయం ఇక్కడ గుర్తుచేసుకోవలసి ఉంది. అక్కడ వారు పడే కష్టాలు తెలుగు పత్రికల పాఠకులకు కొత్త కాదు. అయినా ఆ దేశం 2015లో చేసిన చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించరాదని, వారానికి ఒక రోజు సెలవు, ఏటా జీతంతో కూడిన సెలవు ఇవ్వాలని కాగితం మీదైనా రాసింది. అదే ఊరి నుంచి హైదరాబాద్‌కు వచ్చిన ఆమె చెల్లెలికి ఆ కాగితం కూడా లేదు.

మధ్యతరగతి దంపతులకు ఇంత జీతం భారమన్న మాటలో నిజం లేకపోలేదు. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 సవరణ, 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని కూడా నిర్దేశించింది. దానిని గట్టిగా అమలు చేయిస్తే ఆ భారంలో కొంత యాజమాన్యాలు మోస్తాయి. అలాంటి కేంద్రం లేనిచోట భరించలేని కుటుంబం గంటలనైనా తగ్గించుకోవాలి, అజమాయిషీనైనా తిరిగి తానే తీసుకోవాలి. పని మొత్తం ఉంచి జీతం కోయడం ఒక్కటే ఇంతకాలంగా సులువుగా కనిపిస్తున్న మార్గం.

ఇక మాటల్లో తేల్చకుండా వదిలేసేది, తరువాత తగాదాలకు దారితీసేది మరొకటి ఉంది. బిడ్డ బడికి వెళ్లడం మొదలైన జూన్ నెలలో పని తగ్గిందంటూ జీతం తగ్గిస్తారు, లేదా మానిపిస్తారు. ఆ మూడు నాలుగేళ్లలో వేరే ఇళ్లు వదులుకున్న మనిషికి కనీసం ఒక నెల ముందు చెప్పడం, ఆ నెల జీతం పూర్తిగా ఇవ్వడం, పనిలో చేరిన రోజునే కాగితం మీద రాసుకోవలసిన షరతులు.