తనకు తానే గవాహ్ అయితే ఎలా?



1999 డిసెంబర్ 31. జుమా రోజు. రమజాన్ ఆఖరి అష్రా. మన మసీదుల్లో తరావీహ్ నడుస్తుంటే లోకం మాత్రం కంప్యూటర్ల వైపు చూస్తోంది, రాత్రి పన్నెండు దాటితే ఏమవుతుందో అని. దానికి వైటూకే అని పేరు. తెల్లారింది. కరెంటు పోలేదు, విమానాలు కూలలేదు. "అంతా జూఠ్, కంపెనీలు పైసలు గుంజుకోవడానికి పెట్టిన భయం" అని నవ్వేశారు. ఇప్పటికీ మన ఇళ్లల్లో ఎవరైనా కంప్యూటర్ గురించి ఫిక్ర్ పడితే "ఛోడో భాయ్, వైటూకే లాంటిదే" అంటారు.

నాకు నవ్వు రాదు. ఆ రోజుల్లో నేను అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని, హైదరాబాద్‌లోనే కూర్చుని ఒక అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీ ప్రోగ్రాముల్లో తారీఖులు సరిచేసేవాణ్ణి. కంపెనీ పేరు చెప్పను. అక్కడ చూసిన ఒక సంగతి ఇరవై ఏళ్లు దాటినా మనసులోంచి పోలేదు.

ముందు అసలు జబ్బేమిటో చెప్తాను. పాత రోజుల్లో కంప్యూటర్‌లో జాగా చాలా ఖరీదు. అందుకని సంవత్సరానికి నాలుగు అంకెల బదులు చివరి రెండే రాసేవాళ్లు. 1975 అంటే 75. మరి 2000 వస్తే? 00. కంప్యూటర్ దాన్ని 1900 అనుకుంటుంది. 1960లో పుట్టినవాడి వయసు 2000లో 40. కానీ 00లోంచి 60 తీసేస్తే మైనస్ 60. కొన్ని ప్రోగ్రాములు ఆ మైనస్‌ను కూడా వదిలేసి వయసు 60 అనేస్తాయి. ఇన్సూరెన్స్‌లో ప్రీమియం కట్టేది వయసును బట్టి. పైసలు చేతికొచ్చేది తారీఖును బట్టి. తారీఖు తప్పితే మొత్తం హిసాబే తప్పు.

ఇన్సూరెన్స్ జాయెజా నాజాయెజా అనే బహస్ ఇవాళ పెట్టను, అది ఉలమాను అడగండి. కానీ బండి ఉన్న ప్రతి ఇంట్లో థర్డ్ పార్టీ పాలసీ ఉండాలి, చట్టం తప్పనిసరి చేసింది కాబట్టి. ఆఫీసు తరఫున హెల్త్ పాలసీ ఉన్నవాళ్లూ చాలామందే. కాబట్టి ఇది మన ఇంటి మాట కూడా.

ఖురాన్‌లో అన్నింటికన్నా పొడవైన ఆయత్ ఏదో తెలుసు కదా? సూరె బఖరా 282. అది నమాజ్ గురించో రోజా గురించో కాదు, బాకీ కాగజ్ గురించి. గడువు పెట్టుకున్న బాకీని రాసుకోమంటుంది. బాకీ ఉన్నవాడు చెప్పాలి, కానీ రాసేవాడు వేరు, గవాహ్‌లు వేరు. పాలసీ అంటే కూడా గడువు పెట్టుకున్న వాదాయే. కంపెనీ మనకు బాకీ ఉన్న పార్టీ. అది తన మాట తాను చెప్పుకోవచ్చు. కానీ దానికి గవాహీ ఇవ్వాల్సింది ఇంకొకరు. ఆ ఇంకొకరే సర్కారు పెట్టిన నియంత్రణ సంస్థ.

అమెరికాలో ఇన్సూరెన్స్ మీద నిఘా కేంద్రం చేతిలో లేదు. 1945లో వచ్చిన మెక్‌కారన్-ఫెర్గూసన్ చట్టం ప్రకారం అది రాష్ట్రాల జిమ్మేదారీ. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం కమిషనర్. వాళ్లందరి సంఘం పేరు ఎన్ఏఐసీ. వైటూకే వచ్చేసరికి ఈ కమిషనర్లు కంపెనీలకు ప్రశ్నల ఫారాలు పంపారు. మీ కంప్యూటర్లు రెడీనా? ఎంత పని అయింది? కంపెనీలు నింపి పంపాయి. 1999లో అమెరికా కాంగ్రెస్ తరఫున లెక్కలు తనిఖీ చేసే జీఏఓ ఈ వ్యవహారం పరిశీలించి ఉన్న మాట చెప్పింది: బ్యాంకుల మీద నిఘా పెట్టిన సంస్థలతో పోలిస్తే ఇన్సూరెన్స్ కమిషనర్లు ఆలస్యంగా కదిలారు, కంపెనీలు తమ గురించి తాము రాసిచ్చిన జవాబుల మీదే ఎక్కువగా ఆధారపడ్డారు.

ఆ జవాబులు ఎలా తయారవుతాయో నాకు కొంచెం తెలుసు. మేం వారానికోసారి క్లయింటుకు స్టేటస్ షీటు పంపేవాళ్లం. ఒకసారి చూస్తే నా ప్రోగ్రాముల ఎదుట "రెడీ" అని ఉంది. కోడు మార్చిన మాట నిజమే. కానీ సిస్టం తారీఖు ముందుకు జరిపి నడిపి చూసే పని ఇంకా మిగిలే ఉంది. మా లీడ్‌ని అడిగితే "అరె మియా, కోడైపోయింది కదా, టెస్టు కూడా అయిపోతుంది లే" అన్నాడు. ఆయన బేఈమాన్ మనిషి కాదు. గడువు తరుముతోంది, అంతే. రెండు వారాల తర్వాత టెస్టు చేశాం. 2000 ఫిబ్రవరి 29ని ఒక ప్రోగ్రాం ఒప్పుకోలేదు, నూరుతో భాగింపబడే సంవత్సరం లీప్ సంవత్సరం కాదనుకుంది. నాలుగు వందలతో భాగింపబడితే అవుతుందన్న సంగతి రాసినవాడు మర్చిపోయాడు. సరిచేశాం. కానీ ఆ రెండు వారాలు కాగజ్ మీద మేం "రెడీ". అలాంటి షీట్లే పైకి పైకి వెళ్లి ఎక్కడో ఒక కమిషనర్ ఫారంలో "అవును"గా మారి ఉంటాయని నా అనుమానం.

ఇంకో తమాషా. అదే రోజుల్లో ఇన్సూరెన్స్ కంపెనీలు వ్యాపారస్తుల పాలసీల్లో వైటూకే వల్ల వచ్చే నుక్సాన్‌కు మేం జిమ్మేదార్ కాదు అనే క్లాజులు చేర్చుకున్నాయి. చాలా రాష్ట్రాల కమిషనర్లు వాటికి మంజూరు ఇచ్చారు. సర్కారు అడిగితే "మేం రెడీ". గ్రాహకుడు అడిగితే "నీ రిస్కు నీదే". ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూడాల్సింది ఎవరు?

"కానీ ఏమీ కాలేదు కదా భాయ్?" అంటారు. నిజమే, అల్‌హందులిల్లాహ్. కంపెనీలు డబ్బు ఖర్చు పెట్టాయి, మాలాంటివాళ్లు రాత్రుళ్లు మేలుకున్నారు. అందుకని కాలేదు. అది మెహనత్ ఫలితం, నిఘా ఫలితం అని నేను ఒప్పుకోను. తలుపు తీసి పడుకున్న రాత్రి దొంగ రాలేదని ఇంటికి గడియ అక్కర్లేదంటామా?

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇంకో తారీఖు వస్తోంది. చాలా పాత సిస్టమ్‌లు 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెడుతూ కాలం చూస్తాయి. 32 బిట్ల జాగాలో ఆ లెక్క 2038 జనవరి 19న, మన టైం ప్రకారం పొద్దున 8 గంటల 44 నిమిషాలకు నిండిపోతుంది. ఆ తర్వాత అవి 1901కి వెళ్లిపోతాయి. కొత్త సిస్టమ్‌లకు ఈ జబ్బు లేదు. పాతవి ఎక్కడెక్కడ మిగిలున్నాయన్నదే సవాల్. 2038 చాలా దూరం అనుకోకండి. ఇవాళ బిడ్డ పేరు మీద ఇరవై ఏళ్ల పాలసీ తీసుకుంటే దాని ఆఖరి తారీఖు 2038 దాటే పడుతుంది. ఇన్సూరెన్స్‌వాళ్లకు రేపటి తారీఖు ఇవాళే వచ్చేస్తుంది.

వైటూకే అప్పుడు మన దేశంలో జీవిత బీమా ఎల్ఐసీ ఒక్కటే, సర్కారు చేతిలో ఉండేది. ఐఆర్‌డీఏ చట్టం 1999 డిసెంబర్‌లోనే పార్లమెంటులో పాసైంది. ఇప్పుడు ప్రైవేటు కంపెనీలు బోలెడు, వాటి మీద నిఘా పెట్టే ఐఆర్‌డీఏఐ ఆఫీసు మన హైదరాబాద్‌లోనే ఉంది. సైబర్ భద్రత మీద కంపెనీలు ఏటా స్వతంత్ర ఆడిట్ చేయించుకోవాలని అది నిబంధన పెట్టింది. మంచిదే. 2038 ప్రశ్న కూడా ఆ ఆడిట్‌లో సూటిగా అడగాలన్నదే నా మాట. "రెడీనా?" అని కాదు, "తారీఖు ముందుకు జరిపి నడిపిన టెస్టు ఫలితం చూపించు" అని. జవాబు కంపెనీ రాసింది కాకూడదు, గవాహ్ చూసింది కావాలి.

మనం చేయగలిగింది కూడా ఉంది. పాలసీ బాండు, ప్రీమియం రసీదులు కాగజ్ మీద దాచుకోండి. పుట్టిన తారీఖు, గడువు తారీఖు, నామినీ పేరు ఇవాళే సరిచూసుకోండి. తప్పుంటే కంపెనీకి రాతపూర్వకంగా ఇవ్వండి. వినకపోతే ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్ ఉంది, ఆ పైన అంబుడ్స్‌మన్ ఉన్నాడు. ఇంటాయన ఇంతెకాల్ అయ్యాక బేవా చేతిలో మిగిలేది ఆ కాగజే. అది అమానత్.

అల్లాహ్ మనందరి హిసాబ్ ఆసాన్ చేయుగాక. ఆమీన్.