వేడిని కాచుకొనుట

బనగానపల్లె యనగానే ఎవరికైనను రెండు వస్తువులు జ్ఞప్తికి వచ్చును. ఒకటి మామిడిపండు, రెండవది నాపరాయి. మామిడిపండు ఆ యూరి పేరుతోనే దేశమంతట ప్రసిద్ధి కెక్కెను. 2017వ సంవత్సరమున దానికి భౌగోళిక గుర్తింపు కూడ లభించెను. నాపరాయి యన్ననో, ఆ ప్రాంతపు గనులనుండి బండలుగా వెలువడి సీమ యిండ్లకు నేలయు, గోడయు, ఒక్కొక్కచోట పైకప్పును అగుచున్నది. ఈ రెండింటికిని చలికాలముతో సంబంధము కలదు. రాత్రులు చల్లబడి గాలి పొడిగా నున్నప్పుడే మామిడి చక్కగా పూయును. కావుననే చలి సరిగా పడని యేడు తోటలవారు విచారింతురు. కాని ఆ చలియే రాత్రివేళ ఇంటిలో ప్రవేశించి, నాపరాతి నేలపై పరుండిన ముసలివారిని, పసిబిడ్డలను బాధించుచున్నది. తోటకు మేలైన చలి యింటికి కీడు కాకుండ చూచుకొనుట యెట్లు? అదియును పేదవాడు భరింపగల వ్యయముతో చూచుకొనుట యెట్లు? ఇది ప్రతి గృహస్థుడును ఆలోచింపదగిన విషయము.

రాయలసీమ ఎండల సీమ యని అందరు నందురు. ఆ మాట నిజమే. వేసవిలో కర్నూలు, నంద్యాల, కడప ప్రాంతములందు పగటి వేడిమి 40 డిగ్రీల సెల్సియసును దాటుట సామాన్యము. అంతటి ఎండను సహించినవారికి డిసెంబరు, జనవరి నెలల రాత్రులలో 17 డిగ్రీల ప్రాంతమున నుండు చలి యొక లెక్కయా యని కొందరు తేలికగా త్రోసివేయుదురు. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిని, తెలంగాణలోని ఆదిలాబాదును చూపి, చలి యనగా అక్కడిదే గాని మనది కాదని నవ్వుదురు. ఈ తలంపు సరియైనది కాదు.

చలి చేయు హాని ఉష్ణమాపకములోని అంకెను మాత్రమే బట్టి యుండదు. దాని నెదుర్కొనుటకు ఇల్లు ఎంత సిద్ధముగా నున్నదో దానిని బట్టియు నుండును. ఐరోపాలోని 14 దేశములలో చలికాలమున మరణములు ఎంత హెచ్చుచున్నవో లెక్కించిన పరిశోధన యొకటి 2003లో వెలువడెను. ఏరులు గడ్డకట్టు ఫిన్లాండు దేశమున ఆ హెచ్చు సుమారు 10 శాతము మాత్రమే. చలి స్వల్పముగా నుండు పోర్చుగల్లు దేశముననో, అది 28 శాతము. వినువారికి ఇది వింతగా తోచును. కాని కారణము స్పష్టమే. ఫిన్లాండువారు చలికి భయపడి యిండ్లు కట్టుకొనిరి. చలి తక్కువగా నుండు దేశమువారు అట్టి జాగ్రత్త తీసికొనలేదు. "మాకు చలి యెక్కడిది?" అను ధీమాయే వారికి కీడు చేసినది. సీమ యిండ్లకును ఈ పాఠము వర్తించును.

ఈ ధీమావలన మొదట కష్టపడువారు వృద్ధులు. వయసు మీరినవారి దేహమునకు వేడిని పుట్టించు శక్తి తగ్గును. చలిని గుర్తించు శక్తియు మందగించును. చలికి రక్తనాళములు ముడుచుకొని రక్తపుపోటు పెరుగును. కావున "నాకు చలి లేదులే నాయనా" యని అవ్వ చెప్పినంతమాత్రమున ఇంటివారు ఊరకుండరాదు. ఆమె పాదములను తాకి చూచినచో నిజము తెలియును. పసిబిడ్డల సంగతియు నట్టిదే. చిన్న దేహము త్వరగా చల్లబడును. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున ఎడ్గార్ రే అను వైద్యుడు, నెలలు నిండక పుట్టిన శిశువులను తల్లి ఱొమ్మునకు హత్తించి యుంచు పద్ధతిని ప్రారంభించెను. అచ్చటి ఆసుపత్రిలో శిశువులకు వలసినన్ని వేడి పెట్టెలు లేకపోవుటయే దానికి కారణము. పేదరికములో పుట్టిన ఆ పద్ధతిని నేడు ధనిక దేశములును అనుసరించుచున్నవి. వెచ్చదనము ధనముతోనే లభించు వస్తువు కాదనుటకు ఇంతకంటె మంచి నిదర్శనము లేదు.

"చలి కాచుకొనుట" యనగా నిప్పు ముందర కూర్చుండుట యని మన వాడుక. వాస్తవమునకు మనము కాచుకొనవలసినది వేడిని. దుప్పటి వేడిని పుట్టింపదు, కంబళియు పుట్టింపదు. వేడిని పుట్టించునది మన దేహమే. నిద్రించు మనుష్యుని దేహమునుండి సుమారు 70 వాట్ల వేడి యెల్లప్పుడును వెలువడుచుండును. ఆ వేడి పోవు త్రోవలు తెలిసికొని, వానిని మూయగలిగినచో చలికాలమున సగము కష్టము తీరును.

మొదటి త్రోవ నేల. ఒకే గదిలో రాత్రియంతయు నున్న చాపను ఒక చేతితోను, నాపరాతి బండను మఱియొక చేతితోను తాకి చూడుడు. బండయే చల్లగా తోచును. కాని రెండింటి ఉష్ణోగ్రతయు ఒక్కటే. రాయి వేడిని త్వరగా లాగికొనును; చాప లాగికొనజాలదు. కదలని గాలితో పోల్చినచో సున్నపురాతి జాతికి చెందిన నాపరాయి ఏబది రెట్లకు మించి వేడిని ప్రసరింపజేయును. వేసవిలో ఈ గుణము సుఖమునిచ్చును. అందుకే మధ్యాహ్నవేళ బండలపై పరుండుటకు అందరును ఇష్టపడుదురు. పుష్యమాసమున ఆ గుణమే దోషమగును. బండపై పలుచని చాప మాత్రము పరచి, పైన రెండు దుప్పట్లు కప్పుకొన్నను వెన్ను చల్లబడుచునే యుండును. కావున చలికాలమున పైకప్పునకంటె క్రింది పఱపే ముఖ్యము. నాలుగు గోనెసంచులను కుట్టి, దానిపై ఈతచాపను, చాపపై బొంతను పరచినచో బండకును దేహమునకును నడుమ గాలిపొర యేర్పడును. మంచముపై పరుండువారును ఈ సంగతి మరువరాదు. నులకమంచపు సందులనుండి చల్లగాలి పైకి వచ్చును. క్రింద బొంత లేనిచో మంచమున్నను ప్రయోజనము తక్కువ.

రెండవ త్రోవ పైకప్పు. మబ్బులేని రాత్రి భూమి తన వేడిని ఆకసమునకు విడిచిపెట్టుచుండును. గడ్డిపరకలు ఇట్లు చల్లబడుటచేతనే వానిపై మంచు బిందువులు కూడునని లండనులోని వైద్యుడు విలియం చార్లెస్ వెల్సు 1814లో ప్రకటించిన గ్రంథములో నిరూపించెను. సీమలో చలికాలపు ఆకసము తరచుగా నిర్మలముగా నుండును. ఆ రాత్రులలో ఇనుపరేకు గడ్డిపరకవలెనే త్వరగా చల్లబడును. తెల్లవారుజామున రేకు లోపలివైపున నీటిబొట్లు నిలుచుటకు కారణ మిదియే. గనులలో పనిచేయు కూలివారు పలువురు అట్టి రేకుల క్రిందనే నివసించుచున్నారు.

పూర్వులు కట్టిన మట్టిమిద్దె ఇట్టిది కాదు. దళసరి రాతిగోడలు, దూలములు, వానిపై పరచిన మందమైన చవుటి మన్ను, ఇవి పగటి ఎండను మెల్లగా పీల్చుకొని రాత్రి మెల్లగా విడుచును. వేసవిలో చల్లదనము నిచ్చునదియు, చలికాలమున వెచ్చదనము నిచ్చునదియు ఆ మందమే. మట్టిమిద్దెకును కష్టములు లేకపోలేదు. వానకాలమున అది కారును. ఏటేట మన్ను పోయవలసి వచ్చును. బరువునకు దూలములు క్రుంగును. అందుచే జనులు దానిని విడిచిపెట్టుటలో వింతలేదు. కాని మిద్దెను విడిచినవారు మిద్దె నేర్పిన నీతిని విడువనక్కరలేదు. రేకులకు జానెడు క్రిందుగా ఈతచాపలనో, కుట్టిన గోనెపట్టలనో కట్టినచో నడుమ నిలుచు గాలి రేకు చలిని కొంతవఱకు అడ్డును. వేసవిలో వేడిని కూడ తగ్గించును. పొయ్యికి పైభాగమున మాత్రము అట్లు కట్టరాదు, నిప్పు అంటుకొనును.

మూడవ త్రోవ తలుపులు, కిటికీలు. ఇచ్చట సూర్యుడే మనకు సహాయుడు. డిసెంబరు 22 ప్రాంతమున బనగానపల్లెలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తిపై నుండక, దక్షిణ దిక్కున సుమారు 51 డిగ్రీల యెత్తున నుండును. దక్షిణపు కిటికీ తెరచియుంచినచో ఎండ గదిలోని గోడను, నేలను తాకి వేడి చేయును. దానికి రుసుము లేదు. పగలు పడకలను ఎండలో వేసి, సాయంకాలము ఎండ పోకముందే లోపలికి తీసికొని, కిటికీలు మూయవలెను. చాలమంది దీనికి విరుద్ధముగా నడుతురు. పగలు మూసియుంచి, రాత్రి నిద్రవేళ వఱకు వాకిలి తెరచియుంతురు. తలుపు క్రింది సందున పాతగుడ్డను చుట్టగా చుట్టి పెట్టుటయు మంచిదే. అయితే గది నంతయు బిగించి మూయరాదు. పై భాగమున గాలి యాడుటకు చిన్న మార్గము ఉండవలెను.

ఇక కప్పుకొను వస్తువులు. పాత చీరలను, పంచెలను పొరలుగా పరచి దగ్గరదగ్గరగా కుట్టిన బొంత సీమ యిండ్లలో అవ్వల చేతిపని. దాని వెచ్చదనమునకు కారణము బట్ట మాత్రమే కాదు. పొరల నడుమ చిక్కుకొన్న గాలి. రంఫర్డు అను శాస్త్రజ్ఞుడు ఉన్ని, ఈకలు, పట్టు మొదలగువానిని ఉష్ణమాపకము చుట్టును క్రుక్కి పరీక్షించి, ఈ విషయమును వివరించెను. 1792లో రాయల్ సొసైటీ ఆయనకు కాప్లీ పతకము నిచ్చి గౌరవించెను. ఆయన ప్రయోగశాలలో కనుగొన్న ధర్మమునే మన అవ్వలు సూదిదారముతో ఆచరణలో పెట్టిరి. కురుబలు నల్లగొఱ్ఱెల ఉన్నిని వడికి, చింతగింజల గంజి పెట్టి నేసిన గొంగళియు నట్టిదే. అది గరుకుగా నుండును. కాని మంచులోను, తుంపరలోను కాపరిని కాపాడును. ఏండ్ల తరబడి మన్నును. మాంసము కొఱకు పెంచు గొఱ్ఱెలు హెచ్చి, ఉన్ని గొఱ్ఱెలు తగ్గుటచే గొంగళి నేయువారికి పని సన్నగిల్లినది. ఇంటి కొక గొంగళి కొన్నచో కొన్నవానికి వెచ్చదనము, నేసినవానికి అన్నము.

తలకు రుమాలు, చెవులకు గుడ్డ, కాళ్లకు మేజోళ్లు, పడుకొనుటకు ముందు వేడి సంగటియో జొన్నరొట్టెయో, ఇవియు మేలు చేయును. సారాయి త్రాగినచో చలి పోవునను మాట మాత్రము అసత్యము. అది చర్మములోని రక్తనాళములను వెడల్పు చేయును. త్రాగినవానికి వెచ్చగా తోచును గాని, దేహములోని వేడి వేగముగా బయటికి పోవును.

నిప్పును గూర్చి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము. బొగ్గు సరిగా కాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె ఇన్నూరు రెట్లకు మించిన బలముతో పట్టుకొనును. నిద్రించువాడు నిద్రలోనే స్పృహ కోల్పోవును. కేక వేయుటకైనను వ్యవధి యుండదు. పొగ రాకుండ ఎఱ్ఱగా కణకణలాడు బొగ్గులు క్షేమమని తలంచుట పెద్ద పొరపాటు. కుంపటి అవసరమైనచో బయట అరుగుపై కాచుకొని, పడుకొనుటకు ముందే నీళ్లు చల్లి ఆర్పవలెను. వీథిలో పాత టైర్లను, ప్లాస్టికును కాల్చి చలి కాచుకొనుటయు హానికరమే. ఆ పొగ ఊపిరితిత్తులకు చేయు కీడు, ఆ మంట యిచ్చు క్షణకాలపు సుఖముకంటె మిక్కిలి పెద్దది.

విద్యుత్తుతో నడచు హీటరు కొన్నచో ఈ చిక్కులన్నియు తీరును గదా యని కొందరు అడుగవచ్చును. లెక్క వేసి చూతము. 1000 వాట్ల హీటరు గంటకు ఒక యూనిట్టు విద్యుత్తును వాడును. రాత్రికి 8 గంటలైనచో 8 యూనిట్లు. నెలకు 240 యూనిట్లు. కూలి కుటుంబమునకు ఆ భారము తగదు. పైగా వేడిని నిలుపని యింటిలో హీటరు పెట్టుట చిల్లికుండలో నీరు పోయుట వంటిది. జబ్బుపడినవారికి, మిక్కిలి వృద్ధులకు అది యొక్కొక్కప్పుడు అవసరము కావచ్చును. కాని ముందు చిల్లి పూడ్చి, తరువాతనే నీరు పోయవలెను.

ఇది యొక్కొక్క కుటుంబము బాధ్యతయే కాదు. ప్రభుత్వధనముతో ఇండ్లుగాని, వసతిగృహములుగాని కట్టునప్పుడు ఎండను మాత్రమే కాక చలిని కూడ దృష్టిలో నుంచుకొనవలెను. వేడిని ఆపు పైకప్పే చలిని కూడ ఆపును గనుక, దానికి రెండింతల వ్యయము కాదు. వసతిగృహములలో బాలురు బండలపై పరుండవలసి వచ్చినచో ఒక దుప్పటి యిచ్చుటతో సరిపెట్టక, క్రింద పరచుకొనుటకు మందమైన పఱపు కూడ నీయవలెను. ఎండదెబ్బ తగులకుండ వేసవిలో చలివేంద్రములు పెట్టు దయగల జనులు, చలికాలమున గనికూలి గుడిసెకు ఒక బొంతను, ఒక గొంగళిని ఇచ్చుట కూడ అంతటి పుణ్యమే యని గ్రహింపవలెను.

విద్యార్థులు చేయగల పనియు నొకటి కలదు. సాయంకాలము కిటికీ మూయుటకు, గోనెపట్ట పరచుటకు, అవ్వ పాదములు చల్లబడినవో లేవో తాకి చూచుటకు ధనము అక్కరలేదు. పది నిమిషముల శ్రద్ధ చాలును. తెల్లవారిన తరువాత మామిడితోటలో పూత చక్కగా నిలిచియుండును; ఇంటిలో అవ్వయు సుఖముగా నిద్ర లేచును.