కావ్యములో జైనుడు, వెండితెరపై ముస్లిము

కొన్ని సంవత్సరముల క్రిందట బి.ఏ. తరగతిలో పాల్కురికి సోమనాథుని బసవపురాణమునుండి ఏకాంత రామయ్య కథను పాఠముగా చెప్పుచుంటిని. అబ్బలూరిలో జైనులతో పందెము వైచి, తన శిరస్సును తానే ఖండించుకొని, శివానుగ్రహమున మరల బ్రతికి, జినప్రతిమను భంగపరచిన భక్తుని కథ అది. ద్విపద నడక చెవికి ఇంపుగా సాగుచున్నది. విద్యార్థులు మైమరచి వినుచున్నారు. పాఠము ముగిసిన పిమ్మట, కర్ణాటక సరిహద్దు గ్రామమునుండి వచ్చు ఒక విద్యార్థిని నా బల్ల చెంతకు వచ్చి, "సార్, ఇందులో మావాళ్లలో ఒక్కరన్నా మంచోళ్లు లేరా?" అని అడిగినది. ఆమెది జైన కుటుంబమని అంతవరకు నాకు తెలియదు. "పుస్తకంలో అట్లా ఉందమ్మా" అని మాత్రము అనగలిగితిని. ఇరువదియేండ్లకు పైగా పాఠము చెప్పినవానికి అది సమాధానము కాదని నాకును తెలియును, ఆమెకును తెలియును.

ఆ ప్రశ్న ఈ ప్రాంతమున పుట్టుటలోనే ఒక విశేషము కలదు. అమరాపురము నిన్నమొన్నటి వరకు అనంతపురము జిల్లాలోనిది. 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. మండలములోని హేమావతి ఒకప్పుడు హెంజేరు అను పేర నొళంబ రాజులకు రాజధాని. సిద్ధేశ్వరుని దర్శనమునకు అచ్చటికి పోవువారు వేలకొలది. కాని అమరాపురమున దొరకిన 1278వ సంవత్సరపు శాసనమును తలచువారు అరుదు. నిడుగల్లు నేలిన ఇరుంగోళ దేవ చోళుని కాలమున, బాలేందు మలధారి శిష్యుడగు మల్లిసెట్టి అను గృహస్థు, తైలంగెరెలోని బ్రహ్మ జినాలయమందలి పార్శ్వనాథునకు తమ్మడహళ్ళిలో రెండువేల వక్కచెట్లను దానమిచ్చెను. ఆ తోట ఆదాయముతో జినాలయమును పునాది మొదలు శిఖరము వరకు రాతితో కట్టవలెనని అతని సంకల్పము. అనంతపురము జిల్లాకు ఉత్తరపు కొసనున్న కొనకొండ్ల, దిగంబరులు పూజ్యునిగా తలచు కుందకుందాచార్యుని ఊరని ప్రతీతి. ఇట్టి నేలపై బుట్టిన పిల్లకు తెలుగు సాహిత్యములో తన పూర్వులు కనబడిన తీరు వేరు.

సోమనాథుడు 13వ శతాబ్దివాడని పలువురు పండితుల మతము. అనగా మల్లిసెట్టికి ఇంచుమించు సమకాలికుడు. ఆయనను నేను తక్కువచేసి చెప్పబోను. సంస్కృత మర్యాదలకు లొంగక జాను తెనుగునకు పట్టము గట్టినవాడు. కుమ్మరిని, చాకలిని, మాలవానిని, ముగ్ధయగు పల్లెపడుచును భక్తులుగా చేసి కావ్యమున కూర్చుండబెట్టినవాడు. అంతటి ఉదారుడు జైనుని కడకు వచ్చునప్పటికి ముష్టి బిగించెను. ఆయన జైనుడు వాదములో ఓడుటకే పుట్టినవాడు. వానికి ఇల్లు లేదు, తోట లేదు, బిడ్డలు లేరు. మతము మార్చుకొన్నచో మంచివాడగును. లేనిచో కథ ముగియునప్పటికి నేల కరచును.

మన శాస్త్రకారులు ఇంతకంటె మర్యాదస్థులు. సిద్ధాంతము చేయబోవువాడు ముందుగా పూర్వపక్షమును, ప్రతివాది తానే ఒప్పుకొనునంత బలముగా, చెప్పవలెను. భక్తికావ్యములకు ఈ నియమము పట్టలేదు. తమిళమున సేక్కిళారు పెరియపురాణము ప్రకారము మధురలో సంబంధర్ చేత వాదమున ఓడిన జైనులు ఎనిమిదివేల మంది కొరత వేయబడిరి. జైనుల వ్రాతలలో ఈ సంగతి కానరాదు గనుక చరిత్రకారులు దీనిని శంకింతురు. అయినను కథ నిలిచినది. కొన్ని ఆలయముల కుడ్యములపై బొమ్మలుగా గూడ నిలిచినది.

ఏకాంత రామయ్య కథకే మరియొక రూపము అబ్బలూరి సోమేశ్వరాలయపు శాసనమున కలదు. అది కన్నడ శాసనము, క్రీ.శ. 1200 ప్రాంతముది, ఫ్లీటు దొర ప్రకటించెను. అదియును శైవుల శాసనమే. అందు జైనులు బిజ్జలుని కడకు పోయి మొరపెట్టుకొందురు. రామయ్య మరల పందెమునకు సిద్ధపడును. అప్పుడు వారు, విరిగిన జినుని గూర్చి మొరపెట్టుకొన వచ్చితిమే గాని మరల పందెము గాచి ఉన్న జినులను గూడ పోగొట్టుకొనుటకు రాలేదందురు. గెలిచినవాడు చెక్కించిన రాతియందు ఓడినవాని గొంతు ఎట్లు దూరినదో గాని, ఆ ఒక్క మాటతో వారు మనుష్యులైరి. పాఠము చెప్పిననాడు ఈ శాసనము నాకు జ్ఞప్తికి రాలేదు. అది నా లోపము.

తెలుగున జైనులు తమ్మును గూర్చి తాము చెప్పుకొన్నది మనకు దక్కినది బహు స్వల్పము. కరీంనగరు సీమలోని కుర్క్యాలవద్ద, పంపకవి తమ్ముడగు జినవల్లభుడు 10వ శతాబ్దమున చెక్కించిన బండపై తెలుగు కందములు కలవు; మన కందపద్యమునకు తొలి ఆనవాళ్లలో అవి లెక్కకు వచ్చును. కవిజనాశ్రయ కర్త మల్లియ రేచన జైనుడని ఒక వాదము. అంతతో సరి. కన్నడమున పంప, పొన్న, రన్నలు నిలిచిరి గనుక అచ్చటి పాఠకుడు జైనుని మాట జైనుని నోటనే వినగలిగెను. మనకు ప్రతివాది వ్రాసిన పటము మాత్రమే మిగిలినది.

పటముతోపాటు మాటలును మారును. పాషండుడన్న నేడు వేదబాహ్యుడు, దుష్టుడు. గుత్తికి సమీపమున ఎర్రగుడి బండలపై అశోకుని పదునాలుగు ధర్మశాసనములును కలవు. వానిలో పండ్రెండవది ఈ మాటనే వాడినది; కాని అచ్చట దానికి మతశాఖ అని మాత్రమే అర్థము, నింద లేదు. తన శాఖను పొగడుకొనుటయందును ఎదుటి శాఖను తెగడుటయందును నోరు అదుపులో నుంచుకొనవలెనని అందు రాజు కోరినాడు. ఆ రాజు బిరుదమగు 'దేవానాంప్రియ' శబ్దమునకే తరువాతి సంస్కృతమున మూర్ఖుడను అర్థము పట్టినది. నిఘంటువులు గూడ పక్షపాతము లేనివి కావు.

ఏడువందల యేండ్లనాటి ముచ్చటలు నేటికేల యని చదువరులు అనవచ్చును. ద్విపదలు పాడువారు తగ్గిరి గాని, ఆ అచ్చు పోలేదు. అది వెండితెరకు ఎక్కినది. జైనుని స్థానమున ముస్లిము నిలిచినాడు.

మొదట మన పూర్వసంప్రదాయమునకు న్యాయము చేయవలెను. ముస్లిమును గూర్చి తెలుగు పలికినదంతయు ద్వేషము కాదు. అద్దంకి గంగాధరుడు తన తపతీ సంవరణోపాఖ్యానమును ఇబ్రహీం కుతుబ్ షాకు అంకితమిచ్చెను; ఆ సుల్తానును మనవారు 'మల్కిభరాముడు' అని తమ నుడికారములోనికి తెచ్చుకొనిరి. మొదటి అచ్చతెలుగు కావ్యమగు పొన్నికంటి తెలగన యయాతి చరిత్రము పటాన్‌చెరువు అమీన్ ఖానునకు అంకితము. హరికథకులు రామదాసునకు కబీరును గురువుగా చేసిరి. కబీరు 15వ శతాబ్దివాడు, రామదాసు 17వ శతాబ్దివాడు, కాలము పొసగదు. పొసగకున్నను కథ వదలలేదు. రామదాసుకంటె ముందు తానీషాకే రామలక్ష్మణుల దర్శనమాయెనని చెప్పుటకు గూడ హరికథకుడు వెనుదీయలేదు. చిత్తూరు నాగయ్యగారు 1964లో తీసిన 'రామదాసు' చూచి ఎందరో కన్నీరు గార్చిరి. 2006 నాటి 'శ్రీరామదాసు'లో అక్కినేని నాగేశ్వరరావుగారే కబీరు వేషము ధరించిరి. నేను ఈ ఔదార్యమును తేలికగా చూడను. అయినను ఒక సందేహము: ఈ కబీరును తానీషాయును మనకు ప్రియులగుట వారు వారైనందుననా, మన దేవునకు మ్రొక్కినందుననా?

సాంఘిక చిత్రములలో ఈ షరతు మరింత కఠినము. 2002లో కృష్ణవంశీ తీసిన 'ఖడ్గం'లో ప్రకాశ్‌రాజ్ ధరించిన అంజద్ ఆటో నడుపుకొను సామాన్యుడు. దర్శకుని ఉద్దేశము మంచిదే. ఆ పాత్రను ప్రేమతోనే తీర్చినాడు. కాని తమ్ముడు ఉగ్రవాదులలో కలియును; అన్న తన దేశభక్తిని అడుగడుగున ఋజువు చేసికొనవలసివచ్చును. అదే చిత్రములోని తక్కిన కథానాయకుల దేశభక్తిని ఎవ్వరును పరీక్షింపరు. ఒకడు సినిమా వేషములకై తిరుగుట చాలును. ముస్లిమునకు ఆ సౌకర్యము లేదు. మన తెరపై అతడు బాంబు పెట్టువాడైనను కావలెను, నాయకునికై ప్రాణమిచ్చు మిత్రుడైనను కావలెను. రెండవ అచ్చు మెరుగని తోచును గాని, ప్రాణమీయకున్న మంచివాడు కాజాలడను నియమము చిన్న శిక్ష కాదు. పెనుకొండ బాబయ్య దర్గా ఉరుసున బండ్లు కట్టుకొని పోవు మన పల్లెలవారిని, గూగూడులో కుళ్లాయిస్వామి పీరును మోసి అగ్నిగుండము తొక్కు హిందువులను తెరపై వెదకుడు, దొరకుట కష్టము.

క్రైస్తవుల సంగతి కొంత వేరు. 1978లో వచ్చిన 'కరుణామయుడు' వారి కథను వారి భక్తితోనే చెప్పినది. విజయచందర్ రూపము పల్లెపల్లెకు తెలిసినది. కాని సాంఘిక చిత్రములలో క్లబ్బు నాట్యగత్తెకు చిరకాలము క్రైస్తవ నామమే పెట్టుచు వచ్చిరి. జాషువావంటి మహాకవిని కన్న సమాజమునకు అది తగిన మర్యాద కాదు.

ఇటీవల, 2024 మార్చిలో, యాటా సత్యనారాయణ దర్శకత్వమున 'రజాకార్' చిత్రము విడుదలయ్యెను. 1948 సెప్టెంబరుకు పూర్వము హైదరాబాదు సంస్థానమున జరిగిన దౌర్జన్యములు దాని ఇతివృత్తము. ఆ దౌర్జన్యములు కల్పన కావు. వానిని చూపుట తప్పని నేననను. బాధితుల బిడ్డలు నేటికిని ఉన్నారు. నా భయము వేరొకటి. రజాకారనునది కాసిం రజ్వీ నడపిన ఒక దళమునకు పేరు. ప్రేక్షకుడు చిత్రశాలనుండి వెలుపలికి వచ్చునప్పటికి అది ఒక మతమునకు పేరుగా మారిపోవచ్చును. 1948 ఆగస్టులో రజాకార్లు చంపినవారిలో 'ఇమ్రోజ్' పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఉన్నాడు. సంస్థానము భారతదేశమున కలియవలెనని వ్రాసినందుకు ఆయనను హతమార్చిరి. సైనికచర్య పిమ్మట సంస్థానమున మరణించిన వారు తక్కువ లెక్కకు 27,000 నుండి 40,000 వరకు ఉందురని సుందర్‌లాల్ సంఘము అంచనా వేసినది. వారిలో అత్యధికులు ముస్లిములు. ఆ నివేదిక దశాబ్దములపాటు వెలుగు చూడలేదు. ఆ కాలమును గూర్చి చిత్రము తీయదలచిన వానిని నేనడుగునది ఒక్కటే: నీ కథలో షోయబుల్లా ఖానుకు ఎంత చోటు? అతడు కేవలము మంచి ముస్లిముగా వచ్చి చచ్చిపోవునా, లేక అచ్చుయంత్రము, అప్పులు, భార్య, భయము గల మనుష్యుడుగా వచ్చునా?

ఇది చేయరాని పని కాదు. చేసి చూపినవారు కలరు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావులు 1947లో వ్రాసిన 'మా భూమి' నాటకమునకు ఆధారము షేక్ బందగీ అను రైతు కథ. తన చెక్క భూమికై విసునూరు దేశముఖుతో న్యాయస్థానములో పోరాడి, హతుడైనవాడు. ఊరూర ఆ నాటకము చూచినవారు బందగీ మతమేదని యోచించి యుండరు. వారికి అతడు రైతు. అతని పగ, ఆశ, మొండితనము రైతువి.

ఆపైన ముస్లిములు తమ్మును గూర్చి తామే వ్రాయసాగిరి. 1999లో వచ్చిన ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు'లో కావలి పట్టణపు ఒక పేద ఇల్లున్నది. అందు తల్లి గదుమును, నాయనమ్మ సణుగును, పండుగకు కొత్తబట్టల కొరత వచ్చును, నవ్వుకు కొరత రాదు. వేంపల్లె షరీఫ్ 'జుమ్మా' కథలో, శుక్రవారము నమాజుకు పొమ్మని కొడుకును పోరుపెట్టు తల్లి, 2007లో మక్కామసీదున బాంబు ప్రేలిన పిమ్మట పోవలదనును. బాంబు మన చిత్రములందును ప్రేలును. కాని దాని శబ్దము ఈ తల్లి చెవికెట్లు వినబడినదో మనమెన్నడు వినియుంటిమి? ఆ పుస్తకమునకు సాహిత్య అకాడమీ యువ పురస్కారము లభించినది. పురస్కారముకంటె ముఖ్యమైనది, ఈసారి ప్రతివాది తన పటమును తానే గీసికొనుట. మన జైనునకు దక్కని అదృష్టమిది.

బసవపురాణమును పాఠ్యభాగములనుండి తొలగింపవలెనని కొందరందురు. నేను ఒప్పుకొనను. తొలగించినచో సోమనాథుని తెనుగు పోవును. ఆ విద్యార్థిని ప్రశ్న మాత్రము పోదు. మరుసటి యేడు నేను పాఠము చెప్పునప్పుడు అబ్బలూరి శాసనపు సంగతిని, అమరాపుర శాసనపు పాఠమును వెంట కొనిపోయితిని. హళెగన్నడమును చదువుటలో నేను తడబడుచుండగా, అప్పటికి పై తరగతికి పోయిన ఆ విద్యార్థినిని పిలిపించితిని. ఇంట కన్నడము మాటాడు పిల్ల గనుక నాకంటె తేటగా చదివినది. మల్లిసెట్టి, బాలేందు మలధారి, రెండువేల వక్కచెట్లు. అచ్చట ఒక్క క్షణమాగి, "మా మామకూ వక్కతోట ఉంది సార్. ఆయన బసదికి ఒక్క చెట్టన్నా ఇచ్చినాడో లేదో అడగాల" అన్నది. తరగతి యంతయు నవ్వినది. ఆమెయును నవ్వినది.